గల్లీలో యుద్ధం: టేబుల్ మీద పాతబస్తీ

మైదానంలో ఆట మీకు బాగానే వచ్చు. ఆకుపచ్చ గుడ్డ పరుస్తారు, రెండు గుట్టలు, నాలుగు చెట్లు పెడతారు, అటొక దళాన్నీ ఇటొక దళాన్నీ నిలబెట్టి పాచికలు వేస్తారు. అంతవరకూ హాయిగానే ఉంటుంది. ఒకరోజు మనసు ఊరి మీదికి మళ్ళుతుంది. అట్టలు కోసి ఇళ్ళు కడతారు, టేబుల్ నిండా పేర్చి మిత్రుణ్ణి పిలుస్తారు. గంట గడిచేసరికి మీ బొమ్మలు ఒక మేడలో, అతని బొమ్మలు ఎదురుమేడలో. బయటికి అడుగుపెట్టినవాడు చస్తాడని ఇద్దరికీ తెలుసు. అందుకని ఎవరూ కదలరు. ఒకవేళ కదిలితే పంచాయితీ.

"ఆ కిటికీలకెల్లి నేను కనిపిస్తనా?"

"కనిపిస్తవ్ అన్నా, వంగి చూడు."

"వంగితే కనిపిస్తది. నీ బొమ్మ నిలబడి ఉన్నది కదా!"

నియమాల పుస్తకం తిరగేయడంతోనే రాత్రి అయిపోతుంది. మీకూ ఇలాగే జరిగిందా? అయితే నిరుత్సాహపడకండి. ఊళ్ళో జరిగే ఆట మినియేచర్ యుద్ధక్రీడల్లో అన్నిటికన్నా కష్టమైనది, సరిగ్గా కుదిరితే అన్నిటికన్నా గొప్పది కూడా. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' రాసినప్పుడు కూడా పిల్లల చెక్క ఇటుకలతో ఇళ్ళు పేర్చి వాటి చుట్టూనే బొమ్మలను నడిపించాడు. అంటే ఈ ఆట పుట్టిననాడే అందులో ఊరు ఉంది.

ఈ అధ్యాయంలో చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ముందు ఖాళీలు గీయండి, ఇళ్ళు తర్వాత కట్టండి. సందు ఎంత వెడల్పు, ఎక్కడ మలుపు తిరుగుతుంది, ఏ గుమ్మం ఎటు తెరుచుకుంటుంది అన్నవి తేలితే నియమాల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి. ఈ పాఠం నేర్చుకోవడానికి హైదరాబాద్ పాతబస్తీకి మించిన ఊరు నాకు తెలియదు.

ఏ యుద్ధం ఆడాలి?

చాలామంది ఇక్కడే తొందరపడతారు. "పాతబస్తీ" అనగానే చార్మినార్ గుర్తొస్తుంది. వెంటనే చార్మినార్ కట్టడం మొదలుపెడతారు. ఆగండి. మన 28 మిల్లీమీటర్ల బొమ్మలు దాదాపు 1:56 నిష్పత్తిలో ఉంటాయి. చార్మినార్ మినార్ల ఎత్తు సుమారు 50 మీటర్లు. లెక్క వేసి చూడండి. టేబుల్ మీద మూడడుగుల కట్టడం నిలబడుతుంది. దాని వెనక కూర్చున్న మిత్రుడి ముఖం కూడా కనిపించదు. ఆట అక్కడే ఆగిపోతుంది.

మరేం చేయాలి? ముందు ఒక సంఘటనను ఎంచుకోండి. అందులో ఎవరో ఒకరు ఏదో ఒక చోటికి, ఏదో ఒక గడువులోగా చేరాలి. అది లేకపోతే బొమ్మలు మేడల్లోనే కూర్చుంటాయి.

మన హైదరాబాద్‌లో అలాంటి సంఘటన ఒకటి ఉంది. 1857 జూలై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు తర్వాత జనం కదిలారు. ముందు నడిచినవారు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్. వెంట రోహిల్లా యోధులు, సుమారు 500 మంది అని సాధారణంగా చెప్పే లెక్క. వాళ్ళ గురి మూసీకి అవతల, కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ. అక్కడ జమేదార్ చీదా ఖాన్ బందీగా ఉన్నాడు. ఢిల్లీ మీదికి నడవమన్న పటాలాన్ని విడిచి హైదరాబాద్ చేరినవాడు అతను. అయితే దివాన్ సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు. రెసిడెంట్ డేవిడ్‌సన్ ఫిరంగులు సిద్ధం చేసి కాచుకుని ఉన్నాడు. దాడికి వచ్చినవారు రెసిడెన్సీ పడమటి గోడకు ఎదురుగా, పుత్లీబౌలి వైపున్న రెండు మేడలను పట్టుకున్నారు. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకొకటి జైగోపాల్ దాస్‌ది. తోట గోడను, తలుపును పగలగొట్టారు. మేడల మీద నుంచి తుపాకులు, లోపలి నుంచి మద్రాస్ హార్స్ ఆర్టిలరీ ఫిరంగులు రాత్రంతా పేలాయి. తెల్లవారుజామున నాలుగింటికల్లా రోహిల్లాలు వెనక్కి తగ్గారు. తర్వాత అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర ప్రాణం విడిచాడు. కోఠీలో ఆయన పేరున రోడ్డు ఉంది, ఆ పోరాటానికి స్మారకమూ ఉంది.

ఆటకు కావలసినవేవి ఇందులో లేవు? ఎత్తైన మేడలు, మేడల కింద సందు, సందుకు అటు పక్క గోడ, గోడ వెనక తోట, తోటలో ఫిరంగులు, విడిపించాల్సిన బందీ, ముంచుకొస్తున్న తెల్లవారుజాము. అన్నీ ఉన్నాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పాతబస్తీ అనగానే కర్ఫ్యూ రోజులను ఆటగా మార్చాలని ఎవరికైనా తోచవచ్చు. ఆ పని చేయకండి. ఆ రోజుల్లో మనుషులను పోగొట్టుకున్న ఇళ్ళు ఇవాళ్టికీ ఆ గల్లీల్లోనే ఉన్నాయి. కళ్ళారా చూసినవారు బతికి ఉన్న దుఃఖం టేబుల్ మీదికి రాకూడదు. చరిత్రలో వెనక్కి వెళ్ళండి. 1857 ఉంది, 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించిన నెలలు ఉన్నాయి. అవి చాలు.

నడిచి చూడండి, తర్వాత కోయండి

హైదరాబాద్‌లో ఉంటే ఒక ఉదయం, దుకాణాలు తెరవకముందే, గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడండి. నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు కనిపిస్తాయి. అదే చార్ కమాన్. ఒక్కో కమాన్ మీకేం చూపిస్తోంది, ఏం దాచేస్తోంది? అక్కణ్ణుంచి లాడ్ బజార్ వెనక గల్లీల్లోకి దిగండి. ఇరవై అడుగులు వేసేసరికి దారి వంగుతుంది. ఇంకో పదిహేను అడుగులకు ఒక గోడ అడ్డం వస్తుంది, దారి రెండుగా చీలుతుంది. వెనక్కి చూస్తే మీరు వచ్చిన చోటు కనిపించదు. తుపాకీ పట్టుకున్నవాడికి ఈ మలుపు ఏం చేస్తుందో ఊహించండి. అతని తుపాకీ ఎంత దూరం కాలిస్తే ఏం లాభం, కన్ను అంత దూరం పోనప్పుడు?

దేవిడీల పాత గోడలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటినీ చూడండి. వీధి వైపు ఎత్తైన మొండిగోడ, ఒకే పెద్ద తలుపు, లోపల ఆకాశానికి తెరిచిన వాకిలి, దాని చుట్టూ గదులు, మళ్ళీ లోపల ఇంకో వాకిలి. టేబుల్ మీద ఇలాంటి దేవిడీ ఒక్కటి ఉంటే పది మామూలు ఇళ్ళు ఇవ్వలేని ఆట ఇస్తుంది. ఒక దళం లోపలికి దూరితే ఎక్కడుందో బయటివాడికి తెలియదు, బయటపడటానికి దారి మాత్రం ఒక్కటే.

పాత నగర ప్రాకారంలో ఇప్పటికీ నిలిచి ఉన్న దర్వాజాలు పురానాపూల్, దబీర్‌పురా. పెద్ద దర్వాజాలతోపాటు ప్రాకారంలో ఖిడ్కీలు కూడా ఉండేవి, మనిషి నడిచి వెళ్ళే చిన్న ద్వారాలు. దర్వాజా దగ్గర దళమంతా దాటవచ్చు. ఖిడ్కీ దగ్గర మాత్రం ఒక్కో టర్న్‌లో ఒక్కో బొమ్మే దాటాలి. ఎవరు ముందు దాటాలన్నది నిర్ణయించడంలోనే మీ మిత్రుడి నుదుటిన చెమట పడుతుంది.

రెసిడెన్సీ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయంగా మారిన కోఠీ మహిళా కళాశాల ఆవరణలో ఉంది. జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో కట్టించాడు. ఆ తోటలో భవనానికి చిన్న నమూనా కూడా ఒకటి ఉంది, తన బేగం ఖైరున్నీసా కోసం కట్టించాడని చెబుతారు. బొమ్మ భవనాలు కట్టే మనలాంటివారికి అంతకన్నా ఆప్తమైన కట్టడం ఈ ఊళ్ళో ఇంకోటి లేదని నా నమ్మకం.

కట్టడం: చేతిపని మెలకువలు

1. ముందు గోధుమరంగు కాగితం టేబుల్ అంతా పరచండి. 4 అడుగులు × 4 అడుగులు చాలు. దాని మీద పెన్సిల్‌తో సందులు మాత్రమే గీయండి. ఒక పెద్ద వీధి 6 నుంచి 8 అంగుళాలు, మిగతావి 3 అంగుళాలు. 1:56 నిష్పత్తిలో 3 అంగుళాలంటే 14 అడుగులు, నిజం గల్లీ అంత వెడల్పు ఉండదని మీరు అనవచ్చు. నిజమే. ఆరడుగుల గల్లీని సరైన కొలతకు తగ్గిస్తే అంగుళం పావు వస్తుంది. అందులోకి మీ వేళ్ళు దూరవు. బొమ్మను తీయబోతే మేడ పడిపోతుంది. అందుకే సందును కొంచెం సాగదీసి, ఇంటి పునాదిని కొంచెం కుదించండి. 5 అంగుళాలు × 6 అంగుళాల ఇల్లు చూడటానికి నిండుగానే ఉంటుంది. అంతస్తుకు రెండున్నర అంగుళాల ఎత్తు ఇవ్వండి.

2. ఏ సందూ తిన్నగా 18 అంగుళాలకు మించి పోకూడదు. తుపాకీ దూరం 24 అంగుళాలైతే, సందు 18 దగ్గరే వంగాలి. ఒక్క చోట మాత్రం ఈ నియమాన్ని కావాలనే వదిలేయండి. ఆ పొడవాటి వీధే ఫిరంగికి ప్రాణం. ఫిరంగి ఎక్కడ పెట్టాలా అని ఒకరు, దాన్ని ఎలా దాటాలా అని ఇంకొకరు మొదటి టర్న్ నుంచే ఆలోచిస్తారు.

3. టార్చి పరీక్ష. ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి. కాగితం మీద ఇళ్ళ స్థానంలో అట్టపెట్టెలు, పుస్తకాలు నిలబెట్టండి. గదిలో దీపాలు ఆర్పండి. చిన్న టార్చిని బొమ్మ కంటి ఎత్తులో, ఒక కిటికీ దగ్గరో వీధి మూల దగ్గరో పెట్టి వెలిగించండి. వెలుగు పడ్డ చోటల్లా ఆ బొమ్మకు కనిపిస్తుంది, నీడ పడ్డది కనిపించదు. ఒకే చోట పెట్టిన టార్చి టేబుల్‌లో మూడో వంతు వెలిగించిందా? అక్కడ కూర్చున్నవాడే ఆట గెలుస్తాడు. ఒక ఇంటిని జరపండి, మళ్ళీ వెలిగించి చూడండి. ఏ మూల నుంచి చూసినా ఇద్దరికీ కొంత వెలుగు, కొంత నీడ దొరికేదాకా జరుపుతూనే ఉండండి. ఈ పని ఒక సాయంత్రం తీసుకుంటుంది. అట్ట ముక్క కూడా కోయకముందే మీ ఊరు తయారైపోతుంది.

4. ప్రతి ఇంటికీ రెండు దారులు పెట్టండి. వెనక గుమ్మమో, డాబా మీద నుంచి పక్క డాబాకు అడుగో. దేవిడీ ఒక్కదానికే మినహాయింపు. ఎందుకో నియమాల దగ్గర చెబుతాను.

5. ఇక కోత. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు లేదా గట్టి అట్ట. అట్ట కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు, చత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేసే దుకాణాల దగ్గర మందపాటి కాగితాల కత్తిరింపులు ఉంటాయి, అడిగి చూడండి. పిట్టగోడలకు, ఛజ్జాలకు, కిటికీ చట్రాలకు అవి చక్కగా సరిపోతాయి. బ్లేడు కొత్తది వాడండి. మొద్దు బ్లేడు ఫోమ్‌ను కోయదు, చింపుతుంది.

6. పైకప్పు విడిగా తీసేలా ఉండాలి, అంతస్తు అంతస్తుకూ. లోపల ఎవరున్నారో చూడటానికి ఇల్లంతా ఎత్తాల్సి వస్తే బొమ్మలన్నీ చెల్లాచెదురవుతాయి. కప్పు అడుగున అట్ట ముక్కలు నాలుగు అంటించండి, అవి గోడల లోపలికి దిగి కప్పు జారకుండా పట్టుకుంటాయి.

7. ఇళ్ళను టేబుల్‌కు అంటించకండి. బొమ్మల కొలువులో ప్రతి ఏడూ ఊరిని కొత్తగా పేర్చినట్టే, మీ పాతబస్తీని కూడా ప్రతి ఆటకూ కొత్తగా పేర్చుకోవాలి.

రంగు గురించి కొంచెం. పాత హైదరాబాద్ గోడ తెల్లది కాదు, సున్నం మీద సున్నం పడి, వానకు కారి, కింద రాతి రంగు తొంగిచూస్తూ ఉంటుంది. ముందు బూడిద, దాని మీద లేత పసుపు కలిసిన తెలుపు, చివర పిట్టగోడ కింద నుంచి నీళ్ళలా పలుచగా నలుపు చారలు. కోట గోడకు గుడ్ల అట్టల్ని ముక్కలు చేసి రాళ్ళలా అంటిస్తే గ్రానైటు గరుకుదనం వస్తుంది. ధూల్‌పేటలో విగ్రహాలు పోసేవారు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మీకూ పనికొస్తుంది, కూలిన గోడ ముక్కలు, రాళ్ళకుప్పలు చేయడానికి.

థర్మోకోల్ వాడితే మాత్రం జాగ్రత్త. దాని మీద నేరుగా స్ప్రే పెయింట్ కొడితే కరిగిపోతుంది. ముందు ఫెవికాల్, నీటి రంగు కలిపి పూత వేసి, పూర్తిగా ఆరనివ్వండి. అట్టకు ఒక పక్కే తడి రంగు వేస్తే వంకర పోతుంది. రెండు పక్కలా వేయండి.

కాలం తప్పులు కూడా ఇక్కడే దొర్లుతాయి. 1857 ఆటకు పత్తర్‌గట్టి రాతి వరండాలు పెట్టకండి, అవి 20వ శతాబ్దంలో, మూసీ వరద తర్వాత వచ్చాయి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి కూడా అంతే. కాగితం మీద గీసిన చార్మినార్ బొమ్మను వెనక తెరగా పెట్టదలిస్తే గడియారాలు చెరిపేయండి, అవి 1889లో అమర్చారు.

నియమాలు: మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి

మీరు 'బ్లాక్ పౌడర్' ఆడినా, 'షార్ప్ ప్రాక్టీస్' ఆడినా, 'ద మెన్ హూ వుడ్ బీ కింగ్స్' ఆడినా ఫరవాలేదు. ఆ పుస్తకంలోని నడక, కాల్పుల లెక్కలు అలాగే ఉంచండి. ఊరి కోసం కింది మూడు ప్రశ్నలకు మాత్రం మీ ఇద్దరూ ఆటకు ముందే జవాబు రాసుకుని సంతకం పెట్టుకోండి. సంతకం అంటే నవ్వకండి. రాత్రి తొమ్మిదింటికి అది చాలా గొడవలు ఆపుతుంది.

ఎవరికి ఎవరు కనిపిస్తారు? మొదట్లో చెప్పిన పంచాయితీ గుర్తుంది కదా. దానికి మందు ఇది. ఇంట్లో ఉన్న బొమ్మ కచ్చితంగా ఎక్కడ నిలబడింది అన్నది పట్టించుకోకండి. దళం ఏ అంతస్తులో ఉందో అదే దాని స్థానం. ప్రతి కిటికీ నుంచి ఇద్దరు కాల్చవచ్చు, ప్రతి గుమ్మం నుంచి ముగ్గురు. కిటికీకి నడిమధ్య నుంచి దారం లాగండి. ఇంకో గోడ తగలకుండా ఎదుటి బొమ్మ బేస్‌ను దారం తాకిందా? కనిపించినట్టే. వంగి చూడటాలు ఉండవు. డాబా మీద ఉన్నవాడు పిట్టగోడ అంచున నిలబడితేనే కింది వీధిని చూడగలడు. అంచు దగ్గర ఉన్నాడంటే కిందివాడికీ కనిపిస్తాడు. ఎత్తుకు లాభమూ ఉండాలి, ఖరీదూ ఉండాలి.

లోపలికి వెళ్ళడానికి ఎంత సేపు పడుతుంది? తెరిచిన తలుపైతే నడకలో సగం ఖర్చు. మూసిన చెక్క తలుపైతే ఒక టర్న్ పగలగొట్టడానికే పోతుంది. దేవిడీ పెద్ద తలుపైతే పాచిక మీద 5 లేదా 6 పడేదాకా కొడుతూనే ఉండాలి. పక్కన మనిషి పెరిగిన కొద్దీ పాచికకు ఒకటి కలపండి, మూడు మించకుండా. అంతస్తు ఎక్కడానికి 3 అంగుళాల నడక. డాబా నుంచి డాబాకు 2 అంగుళాల లోపు ఖాళీ అయితే ఊరికే దాటవచ్చు, 3 అంగుళాలైతే పాచిక వేయాలి, 1 పడితే మనిషి పోయినట్టే.

ఎవరు ఎవర్ని బయటికి నెడతారు? ఊరి ఆట ఇక్కడే నిలబడుతుంది లేదా కూలుతుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. గుమ్మంలోంచి దూసుకెళ్ళే దళంలో పదిమంది ఉన్నా, ఒకేసారి పోరాడగలిగేది ముగ్గురే. లోపలివారు చుట్టూ నిలబడి ఉంటారు కాబట్టి ఐదుగురు పోరాడవచ్చు. చూడగానే దాడిచేసేవారికి అన్యాయంలా కనిపిస్తుంది కదా? అందుకే వారికి రెండు దారులు ఇవ్వండి. ఒకటి, రెండు గుమ్మాల నుంచి ఒకే టర్న్‌లో దూరితే లోపలివారు చీలిపోతారు, ముగ్గురికి ముగ్గురే. రెండు, పక్కింటి గోడకు కన్నం వేసి దూరవచ్చు. దానికి రెండు టర్న్‌లు పడతాయి, చప్పుడూ అవుతుంది, కానీ కాపలా లేని చోట నుంచి వస్తారు. ఓడిన పక్షం అప్పటికప్పుడే ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. పైఅంతస్తుకు పోయి దాక్కోవడం కుదరదు. వెళ్ళే దారి లేకపోతే లొంగిపోవాలి. ఇప్పుడు అర్థమైందా, ప్రతి ఇంటికీ రెండు దారులు ఎందుకన్నానో? రెండో దారి ఉందని తెలిస్తేనే ఆటగాడు లోపలికి వెళ్ళడానికి సాహసిస్తాడు. దేవిడీకి ఒకే దారి. అందులో దూరడమంటే తెగించడమే.

ఒక చిన్న సందర్భం చూడండి. మీ దళం మేడ మీద ఉంది, వెనక గుమ్మం సందులోకి తెరుచుకుంటుంది. మిత్రుడు నలుగుర్ని ఆ సందులోకి పంపాడు, దాడికి కాదు, ఊరికే నిలబెట్టడానికి. ఇప్పుడు ముందు గుమ్మం నుంచి దాడి జరిగి మీరు ఓడితే, వెళ్ళే దారి మూసుకుపోయి అందరూ లొంగిపోవాలి. అంటే ఆ నలుగురూ ఒక్క తూటా పేల్చకుండానే మిమ్మల్ని మేడ దిగేలా చేశారు. ఎవరూ కదలని ఆట ఇలా కదులుతుంది.

ఫిరంగికి ఎక్కువ నియమాలు వద్దు. వీధి పొడవునా కాల్చితే దారిలో ఉన్న అందరి మీదా పాచిక. గోడ మీద కాల్చితే గోడకు లెక్క: మట్టిగోడకు 4, ఇటుక గోడకు 6, రాతి ప్రాకారానికి 12. లెక్క అయిపోతే 3 అంగుళాల కంత. ఎత్తైన డాబాల మీదికి దగ్గర నుంచి ఫిరంగి గురి పెట్టలేదు, 12 అంగుళాలైనా దూరం ఉండాలి.

మన 1857 ఆట రాత్రి జరుగుతుంది కాబట్టి చూపు 12 అంగుళాలే. అయితే తుపాకీ పేల్చిన దళం పక్కన ఒక దూది ఉండ పెట్టండి. అది ఉన్నంతసేపూ ఆ దళం 24 అంగుళాల దూరానికీ కనిపిస్తుంది. తర్వాతి టర్న్ మొదట్లో తీసేయండి. కాల్చాలా, చీకట్లో దాక్కోవాలా అన్న ప్రశ్న ప్రతి టర్న్‌లోనూ ఎదురవుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

టేబుల్‌ను పూర్తిగా నింపేయడం. ఇళ్ళు సగానికి కొంచెం ఎక్కువ ఉంటే చాలు. బావి చుట్టూ చిన్న ఖాళీ, తోట, సంత జరిగే మైదానం ఉండాలి. ఖాళీ దాటాలంటే భయం వేయాలి, ఆ భయం కోసమైనా ఖాళీ ఉండాలి.

ఎక్కువ బొమ్మలు దించడం. మైదానంలో అరవై నిలబెట్టేవారు ఊళ్ళో పక్షానికి ముప్పైతో మొదలుపెట్టండి. దళానికి ఆరుగురు.

నాయకుడి గొంతు ఊరంతా వినిపిస్తుందనుకోవడం. రెండు సందుల అవతల ఉన్న దళానికి ఆజ్ఞ ఎలా చేరుతుంది? ఒక్క బొమ్మను హర్కారాగా పెట్టండి, అతను పరుగెత్తి చేరినప్పుడే ఆ దళం కొత్త ఆజ్ఞ ప్రకారం కదులుతుంది. దారిలో అతను చస్తే ఆ దళం పాత ఆజ్ఞనే పట్టుకుని ఉండాలి. ఈ ఒక్క నియమంతో ఆట పూర్తిగా మారిపోతుంది.

ఊళ్ళో మనుషులే లేనట్టు ఆడటం. ఇళ్ళల్లో జనం ఉంటారు. ఒక్కో ఇంట్లోకి మొదటిసారి దూరినప్పుడు పాచిక వేయండి. 1 లేదా 2 పడితే కుటుంబం ఉన్నట్టు, ఆ టర్న్‌లో అక్కడ కాల్పులు నిషిద్ధం, వాళ్ళు బయటికి వెళ్ళాకే పోరు. కొందరికి ఇది ఆటను నెమ్మదిచేసే నియమంలా తోస్తుంది. నాకు మాత్రం అది లేకుండా ఊరి ఆట ఆడాలనిపించదు.

ఇక ఆడండి: పుత్లీబౌలి, 1857 జూలై 17 రాత్రి

టేబుల్ తూర్పు సగంలో రెసిడెన్సీ తోట. పూర్తి భవనం వద్దు. మెట్లు, వాటి పైన రెండు స్తంభాలు టేబుల్ అంచున నిలబెడితే చాలు. తోటకు పడమటి గోడ, ఇటుకది, మధ్యలో తలుపు. గోడకు ఇవతల 6 అంగుళాల వీధి. వీధికి ఈ పక్క రెండు మేడలు, ఒక్కోదానికి రెండు అంతస్తులు, పిట్టగోడతో డాబా. మేడల వెనక 3 అంగుళాల సందుల వల, ఎనిమిదో తొమ్మిదో చిన్న ఇళ్ళు, ఒక బావి. పడమటి అంచు నుంచి దాడి.

దాడి పక్షానికి ఆరుగురేసి ఉన్న ఆరు దళాలు, ఇద్దరు నాయకులు. రక్షణ పక్షానికి మూడు దళాలు, రెండు ఫిరంగులు. ముందుగా కబురు అందింది కాబట్టి ఫిరంగులను రక్షణ పక్షం ముందే పెట్టేయాలి, ఎదుటివారికి కనిపించేలా. దానికి బదులు దాడి పక్షం రెండు మేడల్లో దేన్ని ముందు పట్టుకుంటుందో కాగితం మీద రాసి మడిచి ఉంచుతుంది, రెండో టర్న్‌లో విప్పుతుంది. ఆ మేడలు ఆ రోజు ఖాళీగా ఉన్నాయనుకోండి, కుటుంబం పాచిక వేయనక్కర్లేదు.

పది టర్న్‌లు. పదోది తెల్లవారుజాము నాలుగు. ఎనిమిదో టర్న్ నుంచి చూపు ఒక్కో టర్న్‌కు 6 అంగుళాలు పెరుగుతుంది, తెల్లవారడం దగ్గరపడుతోంది కదా. బందీని విడిపించి పడమటి అంచు దాటిస్తే దాడి పక్షం పూర్తిగా గెలిచినట్టు. గోడకు కంత పడి, కనీసం ఒక దళం తోటలో నిలిచి ఉంటే సగం గెలుపు. అసలు చరిత్రలో ఆ రాత్రి బందీ విడుదల కాలేదు. మీ టేబుల్ మీద కావచ్చు, అందుకు దారి ఉండేలాగే ఈ లెక్కలు కట్టాను.

మొదటిసారి ఆడేవారు తరచూ దళాలన్నిటినీ తలుపు దగ్గరికే తోస్తారు. ఫిరంగులు అటే చూస్తున్నాయి, మూడో టర్న్‌కు సగంమంది పోతారు. మేడల మీద ఒక్కో దళాన్ని ఉంచి ఫిరంగి దగ్గర నిలబడ్డవారి మీద కాల్పులు జరపండి, అదే సమయంలో ఉత్తరపు సందు నుంచి ఇంకో దళంతో గోడకు కంత వేయించండి. రక్షణ పక్షంలో ఉంటే ఒక ఫిరంగిని తలుపు మీదికి, ఇంకోదాన్ని తోట మూలకు తిప్పి ఉంచండి, మీ మూడో దళాన్ని ఆరో టర్న్ దాకా కదపకండి.

ఆట అయ్యాక పక్షాలు మార్చుకుని అదే టేబుల్ మీద వెంటనే రెండోసారి ఆడండి. రెండుసార్లూ ఒకే పక్షం గెలిచిందా? ఆటగాడి నేర్పు కన్నా టేబుల్ లోపమే ఎక్కువ కావచ్చు. టార్చి తీసుకురండి, గదిలో దీపాలు ఆర్పండి, ఉత్తరపు సందును రెండు అంగుళాలు పక్కకు జరిపి చూడండి.